మొగిలిగుట్ట ఐదు పొయ్యిలు

ఒకటో దినం

ఆఫీసుల కూసోని ఇది వినేటోళ్లకు దండం. నేను చింతల పెంటయ్యను, గొడుగు రాసే మనిషిని, దవాఖాన పథకానికి జనం పేర్లు ఎక్కిస్త. పదకొండేండ్ల సంది ఇదే పని. ఐదో తరగతి పాసు కాలే, ఫెయిలు గూడ కాలే, నడుమలనే లేసొచ్చిన. అందుకే రాయకుంట మీరిచ్చిన ఈ డబ్బలకు చెప్తున్న. రెండు దినాలు వరుసగ చెప్పకుంటే ఇది తెల్లారి తెరుసుకోదు. పదకొండేండ్లల నేను చెప్పిందానికి ఒక్కసారి గూడ ఎవ్వరు మారు మాట్లాడలే. వింటున్నరో లేదో మీకే ఎరుక.

ఇయ్యాల మొగిలిగుట్టకు వచ్చిన. ఎండబండి తొవ్వల మూడుసార్లు ఆగింది, మబ్బు పట్టినప్పుడల్ల. మబ్బును తిట్టేటోన్ని ఈ జిల్లాల నేనొక్కన్నే ఉంటనేమో.

ఇది ఊరంటే ఊరు గాదు. ఇరవై ఒక్క మంది. గుట్ట కింద నేలల తవ్వుకున్న ఇండ్లు. పగటీలి అండ్లనే పండుకుంటరు, చల్లపూట బయటికొస్తరు. నేను పోంగనే అందరు దూరం నిలబడ్డరు. డబ్బ అంటే భయం. దీని గొట్టంల ఊపిరి ఊదితే లోపలి రోగమంత చెప్తది గదా. భయం పోవాల్నని ముందుగాల ఊశన్న మేకతోని ఊదిపిచ్చిన. డబ్బ పచ్చగయ్యి, ఈ మనిషికి ఏ రోగం లేదు, ఆకుకూరలు మంచిగ తింటున్నడు అని చెప్పింది. అందరు నవ్విండ్రు. ఊశన్న నవ్వలే. నాకంటె ముందు నా మేకకు రాస్తవా గొడుగు అన్నడు. నీకంటె అదే ఎక్కువ దినాలు బతికేటట్టున్నది మరి అన్న. ఇగ లైను కట్టిండ్రు.

నేను నవ్వలే. నవ్విపిచ్చుడు అలవాటు, గంతే. ఎండజొరం నాకు గూడ వచ్చిపోయింది. పోతపోత నాలిక మీది రుచి తీస్కపోయింది, దానితోని లోపల ఇంకేందో గూడ తీస్కపోయింది. నా పెండ్లాం బాలమణి అదే జొరంల పోయిన పొద్దు, పక్కన కూసోని బీడి తాగిన. అయ్యో అనాల్నని ఎరుకే. రాలే.

ఆఖరుకు జంగమ్మ ఊదింది. ముప్పై ఆరేండ్లుంటయి. పాదాలు ఉబ్బి చెప్పులల్ల పడ్తలేవు. డబ్బ ఎర్రగైంది. రెండు కిడ్నీలు చివరికొచ్చినయి, నెల లోపల రక్తం కడిగే మిషన్ మీద పండవెట్టాలె అన్నది. గొడుగు ఉన్నోళ్లకే మిషన్. లేనోళ్లకు దవాఖాన గేటే తెరుసుకోదు, అది గూడ ఈ డబ్బ చుట్టమే.

"రాస్తవా అన్నా?" అని అడిగింది.

రాయనీకే గదా వచ్చింది చెల్లె అన్న. పేరు కొట్టి చూస్తే డబ్బ ఒప్పుకోలే. ఈ పొయ్యికి ఐదుగురు నిండిండ్రు అన్నది.

రెండో దినం

వినేటోళ్లకు ఈ లెక్క ఎరుకే, మీరు చేసిందే. అయినా మల్ల ఒకసారి చెప్త. ఆకాశంల తిరిగే మీ కన్ను తెల్లారంగ మా నెత్తి మీదికెల్లి పోతది. ఏడ పొయ్యి వేడి కనపడితే ఆడ ఒక కుటుంబం. మనుషులు తిరుగుతుంటరు, పొయ్యి తిరగదు, అందుకే పొయ్యినే ఎంచుతది. ఒక్క పొయ్యికి ఐదు గొడుగులు. అండ్ల గూడ ముసలోళ్లకు ముందు.

మొగిలిగుట్టల ఒక్కటే పొయ్యి. ఇండ్ల నడుమ బయల్ల మూడు బండరాళ్లు, దాని మీద ఇద్దరు మోస్తెగాని లేవని గంజు. ఇరవై ఒక్క మంది అండ్లనే తింటరు. ఐదుగురు ముసలోళ్లకు గొడుగున్నది. పదారు మంది బయట. లెక్క చేసేటప్పుడు ఊరంత ఒక్క పొయ్యి మీద తినేటోళ్లుంటరని మీకు తోచకపాయె.

దీనికి మందు అలకనే. ఇంటికో పొయ్యి ముట్టియ్యాలె. ఒకరి పొయ్యికి ఒకరి పొయ్యి ఇరవై అడుగుల దూరం ఉండాలె, తొమ్మిది తెల్లవార్లు వరుసగ కన్నుకు కనపడాలె. రాసే గడువు ఇంక పది దినాలున్నది. అది దాటితే మల్ల నాలుగేండ్లకు. జంగమ్మకు నాలుగేండ్లు లేవు.

పోయి పొయ్యి కాడ ఈదమ్మకు చెప్పిన. ఊరికి పెద్దదిక్కు ఆమెనే, డెబ్బై దాటినయి, గంజుల తెడ్డు ఆమె చేతిలనే ఉంటది. ముందుగాల నా పేరడిగింది. నాకు ముందు పుట్టిన ముగ్గురు పోతే, నన్ను పెంటకుప్ప మీద పండవెట్టి మల్ల చేటల ఎత్తుకున్నరు పెద్దమ్మా, అప్పట్ల గొడుగు అంటే గదే అన్న. జర నవ్వింది. పొయ్యిల సంగతి చెప్పంగనే నవ్వు పోయింది.

"వేరుపడమంటున్నవు," అన్నది. తెడ్డు తిప్పుకుంటనే ఉన్నది.

సంగతేందో ఆమె కొడుకు కుర్మయ్య చెప్పిండు, పత్తికట్టె ఇరుసుకుంట. పద్నాలుగేండ్ల కింద గింజలబండి రాలే. అప్పుడు ఇంటికో పొయ్యి ఉండె. ఎవ్వరి కాడ ఎంతున్నదో ఎవ్వరు చెప్పుకోలే. ఈదమ్మ ఇంట్ల గురిగెడు జొన్నలుండె. దినాం తలుపు మూసి, సందులల్ల బట్టలు పెట్టి అంబలి కాసేది, వాసన బయటికి పోవద్దని. పక్కిల్లు జంగమ్మది. పది దినాలల్ల మొగడు పోయిండు, ఇద్దరు పిల్లలు పోయిండ్రు. జంగమ్మ ఒక్కతి మిగిలింది. బండి వచ్చినంక ఈదమ్మ ఇంటింటికి పోయి పొయ్యిరాళ్లు పీకి బయటేసింది. ఇగ ఈ ఊర్ల పొయ్యి ఒక్కటే అని అందరి తోని ఒట్టు పెట్టిపిచ్చుకున్నది. జంగమ్మ ఏ ఇంటి మనిషి గాదు. గంజు మనిషి.

మూడో దినం

తెల్లారక ముందే లేసి నేనే ముట్టిచ్చిన. ఊశన్న ఇంటి ముందర ఒకటి, ఇంక రెండిండ్ల ముందర రెండు, జంగమ్మ వాకిట్ల ఒకటి. నడుమ పెద్దపొయ్యి ఎట్లనో మండుతనే ఉంటది. మొత్తం ఐదు. కన్ను వచ్చింది, చూసింది, పోయింది. డబ్బల ఐదు చుక్కలు పడ్డయి.

జనం లేసి చూసిండ్రు. ఎవ్వరు చేసిండ్రంటే, మీ ఊర్ల దయ్యాలకు గూడ ఆకలైనట్టున్నది అన్న. ఈదమ్మ బిందె తీసుకొని వచ్చింది. మూడు పొయ్యిలల్ల నీళ్లు పోసింది. జంగమ్మ వాకిట్లకు పోయి నిలబడ్డది. జంగమ్మ గోడకు ఒరిగి కూసున్నది, ఉబ్బిన కాళ్లు మంట దిక్కు చాపుకొని. ఈదమ్మ బిందె దించి, ఇంటికి పోయింది.

నాలుగో దినం

పొద్దుగాల నేను మల్ల ముట్టిచ్చిన. ఈదమ్మ ఆర్పలే. నన్ను పిలిచి ఎన్ని దినాలు అని అడిగింది. నిన్నటిది ఎంచితే తొమ్మిది, బతుకమ్మ ఆడినట్టు ఆడుదం పెద్దమ్మా అన్న. తర్వాత అన్నది. తర్వాత మీ ఇష్టం అన్న.

అది అబద్ధం గాదు. నిజం గూడ గాదు. తొమ్మిది అయినంక గూడ ఏ పొయ్యి అయినా మూడు తెల్లవార్లు వరుసగ చల్లగుంటే ఆ పొయ్యి గొడుగు మూసుకుంటది. నాకు ఎరుక. చెప్పలే. చెప్తే ఆమె అప్పుడే బిందె తెచ్చేది.

ఆమె ఒక్క కట్టడి పెట్టింది. మంట పెట్టుకోండ్రి, ఆ మంట మీద వండి ఎవ్వరు తినొద్దు. అందరు సరే అన్నరు.

ఐదో దినం

ఖాళీ పొయ్యి మండితే ఇంటికి మంచిది గాదని ఆడోళ్లు నీళ్ల గిన్నెలు ఎక్కిచ్చిండ్రు. ఊశన్న పెండ్లాం నీళ్లు ఉత్తగ కాగుడెందుకని పిడికెడు నూకలేసింది. ఉడికినంక పారేస్తరా? మేకకు పోస్తమన్నరు. మేక దాకా పోయిందో లేదో నేను చూడలే.

ఆరో దినం

మూడిండ్లల్ల పొద్దటి అంబలి ఇంట్లనే తాగిండ్రు. మాపటి వంటకు మాత్రం పెద్దగంజు కాడికొచ్చిండ్రు. గంజుల నాలుగో వంతు మిగిలింది. ఈదమ్మ చూసి గంజు మీద మూత పెట్టింది. ఊశన్న మాత్రం నా పక్కన కూసోని మెల్లగ చెప్పిండు. పద్నాలుగేండ్ల సంది ఈ ముసల్ది కారం తక్కువ ఏస్తనే ఉన్నది, నా ఇంటి కారం నాకు మర్సిపోయి ఉండె, ఇయ్యాల నాలిక మీద పడంగనే నా తల్లి యాదికొచ్చింది అన్నడు. ఆయన కండ్లల్ల నీళ్లు. నిజంగనే కారమా, దుఃఖమా అని అడిగిన. నవ్విండు.

కారం అంటే ఎట్లుంటదో నాకు యాదికున్నది. మాటగ యాదికున్నది.

జంగమ్మ వాకిట్లకు పోతే గిన్నె నిండ అన్నం ఉడకవెట్టి చూసుకుంట కూసున్నది. పదిమంది తినేటంత.

"ఒక్కదానికి ఎంత పొయ్యాల్నో చెయ్యికి తెలుస్తలేదన్నా," అన్నది.

ఏడో దినం

గంజుల సగం మిగిలింది.

ఊశన్న ఇంట్ల ఉప్పు డబ్బకు మూత వచ్చింది. కుర్మయ్య పెండ్లాం సుక్కమ్మ చూసి వచ్చి చెప్పింది. చెప్పి ఆమె గూడ ఇంటికి పోయి కారం సీసా లోపల పెట్టుకున్నది.

ఎనిమిదో దినం

మబ్బు. కన్నుకు వేడి కనపడ్తదో లేదో అని నాకు ఇంత చెమట పట్టలే, పట్టాల్సి ఉండె. కనపడ్డది.

కుర్మయ్యోళ్లు గూడ గిన్నెల పోసుకొని ఇంట్లకు పోయిండ్రు, పెద్దగంజు కాడ మాపు ముగ్గురమే తిన్నం. ఈదమ్మ, జంగమ్మ, నేను. ఈదమ్మ మాత్రం ఇరవై ఒక్క మందికి వండింది. తక్కువ ఏసుకోరాదా పెద్దమ్మా అంటే, ఇంక మూడు దినాలు గదా, మల్ల అందరు వస్తరు, చెయ్యి అలవాటు తప్పొద్దు అన్నది. జంగమ్మ నా దిక్కు చూసింది. ఈ పిల్లకు అంతా ఎరుకే అనిపిచ్చింది. నేను మేక ముచ్చట మల్లొకసారి చెప్పిన. ఎవ్వరు నవ్వలే.

తొమ్మిదో దినం, పదో దినం

రెండింటికి కలిపి చెప్తున్న, నిన్న నోరు రాలే.

తొమ్మిదో దినం ఏం గాలే.

పదో దినం డబ్బ లెక్క మార్చింది. మూడో దినం పడ్డ చుక్కలు పనికిరావన్నది, పేర్లు కొట్టక ముందు పడ్డయట. నాలుగు నుంచే ఎంచుతదట. అంటే ఇంక రెండు తెల్లవార్లు. ఈదమ్మకు చెప్తే, నీ లెక్కలు మా కారం డబ్బల తీరుగున్నయి, మూత తీసేదాక ఎంతున్నదో తెల్వది అన్నది.

పన్నెండో దినం

తొమ్మిది నిండినయి. ఇరవై ఒక్క మంది పేర్లు పచ్చగైనయి. జంగమ్మ పేరు ఆఖర్ల పడ్డది, పొయ్యి నంబరు ఐదు, మనిషి ఒక్కరు. మొగిలిగుట్టల పని అయిపోయింది, గడువు ఇయ్యాలటి తోనే సరి.

ఈదమ్మ బిందె పట్టుకొని బయలెల్లింది, పొయ్యిలు ఆర్పనీకి. ఇగ చెప్పక తప్పలే. మూడు తెల్లవార్లు చల్లగుంటే గొడుగు మూసుకుంటది పెద్దమ్మా అన్న. ఎప్పటి సంది ఎరుక నీకు అన్నది. మొదటి సంది అన్న. ఆమె తిట్టలే. తిడితే బాగుండునని గూడ అనిపియ్యలే నాకు. బిందె నా చేతిల పెట్టింది, బరువున్నది, పట్టుకోని నిలబడ్డ.

అందరు బయల్ల కూసున్నరు. ఈదమ్మ ఒట్టు సంగతి ఎత్తింది. ఎవ్వరు మొఖం ఎత్తలే. జంగమ్మ గోడ పట్టుకొని లేసింది.

"ఆర్పుండ్రి," అన్నది. "నా ఒక్కదాని కోసం ఊరు ఇరిగిపోవుడు నాకొద్దు. నేను ఈ గంజుల తిని బతికిన, గింతే నా బతుకు అనుకుంట."

నేను అనుకున్న, ఇప్పుడు ఎవ్వరో ఒకరు, నీ పాణం పోతుంటే చూసుకుంట కూసోము జంగమ్మా అంటరు, అందుకే పొయ్యిలు ఉంచుతరు అని. ఊశన్న గొంతు సవరిచ్చుకున్నడు.

"ఆర్పుడు ఎందుకు? మా ఇంట్ల మాకు మంచిగనే ఉన్నది. ఎవ్వరి నోటికి సరిపడ ఆళ్లు వండుకుంటున్నరు."

సుక్కమ్మ అవునన్నది. తక్కిన రెండిండ్లోళ్లు అవునన్నరు. కుర్మయ్య తల్లి దిక్కు చూడకుంట తల ఊపిండు. జంగమ్మ పేరు ఎవ్వరు తియ్యలే. పొయ్యిలు నిలిచినయి, జంగమ్మ గొడుగు నిలిచింది. మంచే జరిగింది. ఆఫీసు లెక్కల ఇది నా పదకొండేండ్లల్ల అన్నిటికన్న మంచి ఊరు.

మాపటికి సుక్కమ్మ, కుర్మయ్య కలిసి పెద్దగంజును పొయ్యి మీదికెల్లి దించిండ్రు. ఆ పొయ్యి ఇప్పుడు ఆళ్ల ఇంటి పేరు మీదున్నది గదా. దాని మీద ఐదుగురి గిన్నె పెట్టిండ్రు. మూడు బండరాళ్ల నడుమ ఆ గిన్నె ఆనలే, రాళ్లు లోపలికి జరిపిండ్రు. ఆళ్లు పెట్టింది ఈదమ్మ తిన్నది. తెడ్డు ఒళ్లె పెట్టుకొని కూసున్నది.

పదమూడో దినం

జంగమ్మను బండిల దవాఖానకు తీస్కపోయిన. గేటు కాడ ఊదింది, గేటు తెరుసుకున్నది. ఆమె వెనకకు తిరిగి గేటును చూసింది, ఎవ్వరో తెరిసిండ్రనుకొని. డాక్టరమ్మ చూసి, చేతి నరం కోసి గొట్టం పెట్టాలె, మొదటిసారి గదా, వారం దినాలు ఈడనే ఉండాలె అన్నది.

ఆ మాటతోని నాకు లెక్క తట్టింది. ఐదో నంబరు పొయ్యికి మనిషి ఒక్కతే. ఆ మనిషి ఈడున్నది. ఇయ్యాల తెల్లవారి ముట్టియ్యకుంటనే బయలెల్లినం, ఒకటి పోయింది. ఇంక రెండు పోతే మిషన్ మీదున్నా సరే, గొట్టం పీకి బయటికి పంపుతరు. అట్ల పంపంగ నేను చూసిన. వేరే ఊరాయనను.

జంగమ్మకు చెప్పలే. బండిని మల్ల మొగిలిగుట్ట దిక్కు తిప్పిన.

పద్నాలుగో దినం

మబ్బుకు బండి నడుమ తొవ్వల నిలిచింది. నడిచి మొగిలిగుట్ట చేరేటాళ్లకు పొద్దెక్కింది. ఐదో పొయ్యి చల్లగనే ఉన్నది. రెండు పోయినయి.

ఇల్లిల్లు తిరిగిన. రేపు ఒక్క పొద్దు ముట్టియ్యుండ్రి, తర్వాత వంతులు పెట్టుకోండ్రి అని చెప్పిన. ఊశన్న, నా పెండ్లాం లేసి మా పొయ్యి ముట్టిచ్చేటాళ్లకే కన్ను నెత్తి మీదుంటది అన్నడు. ఇంకొకాయన పత్తికట్టె తక్కువున్నదన్నడు. సుక్కమ్మ, చూద్దం అన్నది. ఎవ్వరు చెడ్డోళ్లు గాదు. ఒకరు చేస్తరని ఒకరు అనుకున్నరు. ఈదమ్మను నేను అడగలే. అడిగే మొఖం లేదు, అంత వరకు నాకు గూడ తెలిసింది.

డబ్బల హుకుం వచ్చింది, రేపటికి ఇంకో ఊరికి పోవాల్నట. రేపు తెల్లవారి నేనే ముట్టిచ్చి పోత. ఎల్లుండి సంగతి తెల్వది.

పదిహేనో దినం

చుక్క పొడవంగ లేసి కట్టెలు ఎత్తుకొని జంగమ్మ వాకిట్లకు పోయిన. ఆడ మంట ఉన్నది.

ఈదమ్మ కూసోని ఊదుతున్నది. పక్కన ఆమె చాప, చెద్దరి, కంచం, తెడ్డు. వాకిలి ఊడ్చి ఉన్నది. ఏంది పెద్దమ్మా అన్న. నా ఇల్లు ఇదే ఇగ, రాసుకో అన్నది. కుర్మయ్య దూరం నిలబడి అమ్మా లోపలికి రా, నలుగురు నవ్వుతరు అని పిలుస్తున్నడు. ఆమె వినపడనట్టు కట్టె ఎగదోసింది. వేరుపడొద్దని ఒట్టు పెట్టిపిచ్చిన మనిషి, కన్న కొడుకు కాడికెల్లి వేరుపడ్డది.

కన్ను వచ్చి పోయింది. ఐదు చుక్కలు.

ఒకటో పొయ్యిలకెల్లి ఐదో పొయ్యికి ఆమె పేరు మార్చనీకి డబ్బ తెరిసిన. పొయ్యి మనిషికి ఈమె ఏమైతది అని అడిగింది. అమ్మ, అత్త, అక్క, బిడ్డ, ఏం గాదు, ఇండ్ల ఏదో ఒకటి కొట్టాలె. ఏం గాదు అని కొడితే మారదు. ఈదమ్మకు సదివి వినిపిచ్చిన. మంటల ఇంకో పుల్ల ఏసింది.

"ఏది కొడితే పొయ్యి నడుస్తదో అది కొట్టు," అన్నది.

అత్త అని కొట్టిన. డబ్బ ఒప్పుకున్నది.

అంబలి కాగినంక ముంతల పోసి, బట్ట కట్టి, నా చేతికిచ్చింది, జంగమ్మకు ఇయ్యమని. దవాఖాన నా తొవ్వల లేదు, చుట్టు తిరిగి పోవాలె. అదేం చెప్పలే. కిడ్నీలోళ్లకు నీళ్లు గూడ కొలిచి పోస్తరు పెద్దమ్మా, ఆళ్లు తాగనియ్యరు అని మాత్రం చెప్పిన.

"తాగకుంటె తాగకపాయె. కండ్ల వడనియ్యి," అన్నది.

ముంత బండిల పెట్టిన. ఒలకకుంట మోకాళ్ల నడుమ పట్టుకున్న. ఆకాశం తేటగున్నది, బండి ఆగలే.